హతునికి మర్యాద: ఇన్‌స్పెక్టర్ మోర్స్ నాటకాలు చూచిన తరువాత

రాత్రి భోజనాలు ముగిసి, పిల్లలు పుస్తకాలు కట్టిపెట్టిన వేళ ఇంటిల్లిపాదీ కూర్చుండి ఒక హత్యను చూస్తారు. హంతకుడెవరో తెలుసుకొని తృప్తిగా నిద్రకు పోతారు. ఆలోచించి చూస్తే ఇది వింతగానే ఉంటుంది. పొరుగింట మరణం సంభవిస్తే మనం రేడియో కట్టివేస్తాం. గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. అదే మరణం టెలివిజన్ తెరమీద సంభవిస్తే కుర్చీ మరికొంచెం ముందుకు జరుపుకొంటాం.

ఈ భేదానికి కారణం స్పష్టమే. పొరుగింటి మరణం దుఃఖం; తెరమీది మరణం సమస్య. దుఃఖానికి సమాధానం ఉండదు, సమస్యకు ఉంటుంది. మరణాన్ని సమస్యగా మార్చి, ఆ సమస్యను మన కళ్ళ ఎదుట విప్పి చూపే కళకే అపరాధ పరిశోధక సాహిత్యమని పేరు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌నూ, అతని అసిస్టెంటు రాజునూ ఆదరించిన తెలుగు పాఠకులకు ఆ కళలోని ఆకర్షణ ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. అయితే దుఃఖం సమస్యగా మారేటప్పుడు మధ్యలో జారిపోయేది ఏమైనా ఉన్నదా? ఆ చనిపోయిన మనిషి ఏమవుతున్నాడు? ఈ ప్రశ్న వేసుకొని చూడదగిన నాటకమాల ఒకటి ఇంగ్లండులో తయారైంది. దానిపేరు 'ఇన్‌స్పెక్టర్ మోర్స్'. 1987 జనవరిలో ఆరంభమై 2000 నవంబరులో ముగిసిన ఈ మాలలో మొత్తం 33 నాటకాలు ఉన్నవి. ఐ.టి.వి. ప్రసారం చేసిన ఈ నాటకాలకు బ్రిటన్‌లో కోటిన్నరకు పైగా ప్రేక్షకులు లభించిన రాత్రులు ఉన్నవి.

వీటికి మూలం కోలిన్ డెక్స్‌టర్ అనే రచయిత నవలలు. ఆయన 1930లో జన్మించి 2017లో మరణించారు. కేంబ్రిడ్జిలో గ్రీకు, లాటిను భాషలు చదువుకొని, పాఠశాలలో ఆ భాషలే బోధిస్తూ ఉండగా ఆయనకు క్రమంగా చెవుడు వచ్చింది. పిల్లల మాట వినిపించనివాడు పాఠం చెప్పడం కష్టం కనుక ఉపాధ్యాయవృత్తి విడిచిపెట్టి, 1966లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు పరీక్షల కార్యాలయంలో ఉద్యోగానికి చేరారు. ఒకసారి వేల్స్‌లో సెలవులు గడుపుతుండగా వాన విడువకుండా కురిసిందట. చేతికి దొరికిన డిటెక్టివ్ నవల చదివి, ఇంతకంటె బాగా తాను వ్రాయగలనని తోచి కలం పట్టానని ఆయన చెప్పుకొన్నారు. అలా పుట్టిన 'లాస్ట్ బస్ టు వుడ్‌స్టాక్' 1975లో వెలువడింది. 1999 నాటికి మోర్స్ నవలలు 13 అయినవి.

డెక్స్‌టర్‌కు గళ్లనుడికట్టు మీద అభిమానం మెండు. ఆ పోటీలలో పేరెన్నికగన్న ఇద్దరు వాడిన పేర్లనే తన కథలోని పోలీసు అధికారికి మోర్స్ అనీ, అతని సహాయకునికి లూయిస్ అనీ పెట్టుకొన్నారు. నుడికట్టులోని ఆధారవాక్యానికి పైకి ఒక అర్థం ఉంటుంది, లోపల మరొకటి ఉంటుంది. పై అర్థాన్ని నమ్మినవాడు దారి తప్పుతాడు. డెక్స్‌టర్ నవలలు కూడా అటువంటివే. వాటిలో ఒక్క అక్షరం తప్పుగా చదివినందుకు పరిశోధన అంతా పక్కదారి పట్టిపోవచ్చు.

ఇటువంటి నవలలను తెర కెక్కించడం సులభం కాదు. పుస్తకం చదివేవారికి చేతివేలే గొప్ప సాధనం. అనుమానం కలిగితే నలభై పుటలు వెనుకకు తిప్పి, ఫలానావాడు ఆ రాత్రి ఎక్కడ ఉన్నానని చెప్పాడో సరిచూచుకోవచ్చు. నాటకం ప్రసారమవుతూ ఉండగా చూచేవారికి ఆ అవకాశం లేదు. రచయితకు గల మరొక సౌకర్యం దర్శకునికి లేదు. ఒక గదిని వర్ణిస్తూ, బల్లమీద ఉన్న అయిదు వస్తువులలో తాళపుచెవిని కూడా ఒకటిగా చెప్పి రచయిత దాటిపోవచ్చు; మనం గమనించం. కెమెరా ఆ తాళపుచెవిని దగ్గరగా చూపిందంటే రహస్యం బయటపడుతుంది. అసలే చూపకపోతే ప్రేక్షకుణ్ణి మోసం చేసినట్లు అవుతుంది. నవలాకారుడు మాటల చాటున దాచగలిగినదాన్ని నాటక నిర్మాత వెలుగులోనే దాచవలసి ఉంటుంది.

ఈ చిక్కును నిర్మాతలు కాలాన్ని పెంచి పరిష్కరించుకొన్నారు. పోలీసు నాటకమంటే ఒక గంటలో ముగించాలనే అలవాటును ప్రక్కకు నెట్టి, మధ్యలో వచ్చే ప్రకటనలతో కలిపి రెండు గంటల నిడివి ఒక్కొక్క కథకు ఇచ్చారు. ఆ తీరిక వలన రెండు లాభాలు కలిగినవి. మొదటిది, కీలకమైన వస్తువు నాలుగు సాధారణ దృశ్యాల మధ్య సాధారణంగానే కలిసిపోయింది. రెండవది ఇంకా ముఖ్యమైనది: పాత్రలు పరుగెత్తడం మానివేసినవి. ఒక మనిషి చావువార్త విన్న తరువాత మాట్లాడకుండా కూర్చుండిపోవడానికి సమయం చిక్కింది.

మొదటి నాటకం 'ది డెడ్ ఆఫ్ జెరికో', 1981లో వెలువడిన నవలకు అనుసరణ. ఆంథొనీ మింఘెల్లా దీనిని టెలివిజన్‌కు వ్రాశారు. నవలలో మోర్స్ ఆన్ అనే స్త్రీని ఒక విందులో కలుసుకొంటాడు. కొంతకాలానికి ఆమె తన ఇంటిలో ఉరికి వేలాడుతూ కనిపిస్తుంది. నాటకంలో ఆ పరిచయం విందులో కాక, ఇద్దరూ కలిసి పాడే ఒక గాయకబృందంలో ఏర్పడుతుంది. ఇది చిన్న మార్పే కాని ఎంతో ఆలోచించి చేసినది. మోర్స్ సంగీతప్రియుడని నవల మనకు మాటలతో చెబుతుంది. నాటకం ఆ సంగీతాన్ని వినిపిస్తుంది. తనతో గొంతు కలిపి పాడిన మనిషి మరునాడు లేకపోవడం ఎటువంటి లోటో మనకు వివరించి చెప్పవలసిన పని ఉండదు. బృందంలో ఒక గొంతు తగ్గిపోతుంది, అంతే.

డెక్స్‌టర్ తన నవలల్లో అధ్యాయానికి ముందు ఏదో ఒక సూక్తినో, గ్రంథభాగాన్నో ఉంచుతారు. వాటిలో కొన్ని ఆయన సొంతంగా కల్పించినవి. తెరమీద అటువంటి శీర్షవాక్యాలకు చోటులేదు. ఆ లోటును తీర్చింది బారింగ్టన్ ఫెలోంగ్ కూర్చిన సంగీతమే. తంతి తపాలా సంకేతాలలో కథానాయకుని పేరుకు సరిపోయే చుక్కలనూ గీతలనూ ఆయన ముఖసంగీతపు లయగా చేశారు. తంతి భాష తెలియనివారికి అది ఏదో గుండె కొట్టుకొంటున్నట్లు వినిపిస్తుంది. తెలిసినవారికి పేరు వినిపిస్తుంది. మాబోటి రేడియో ఉద్యోగులకు ఈ చమత్కారం ఎంత సంతోషాన్ని కలిగిస్తుందో చెప్పనక్కరలేదు.

చెవుడు అనుభవించిన రచయిత సృష్టి సంగీతంతో నిండి ఉండడం ఆశ్చర్యమే. ఆ అనుభవం నేరుగా కనిపించే నవల కూడా ఒకటి ఉన్నది. 1977 నాటి 'ది సైలెంట్ వరల్డ్ ఆఫ్ నికొలస్ క్విన్' పరీక్షల కార్యాలయంలో జరిగే కథ. హతుడైన క్విన్‌కు చెవులు వినిపించవు. ఎదుటివారి పెదవుల కదలికను బట్టి మాటను గ్రహిస్తాడు. ప, బ, మ అనే మూడు ధ్వనులకూ పెదవులు ఒకేవిధంగా కలుసుకొంటవి కనుక పెదవులను మాత్రమే చూచేవారికి వాటి తేడా పట్టడం దుర్లభం. కథ ముడి అంతా ఇటువంటి మాట చుట్టూ తిరుగుతుంది. పుస్తకంలో అక్షరాలు కనిపిస్తవి కాని పెదవులు కనిపించవు. రేడియోలో మాట వినిపిస్తుంది కాని పెదవులు కనిపించవు. తెరమీదనే క్విన్ చూచిన దానిని మనమూ చూడగలం. 1987లోనే వచ్చిన ఈ నాటకం మూలాన్ని మించి ప్రేక్షకుణ్ణి హతుని స్థానంలో కూర్చోబెట్టగలిగింది.

నాటకాలు ఆరంభమయ్యేనాటికి వెలువడిన నవలలు ఏడే. అవి త్వరలోనే చాలకపోయినవి. తరువాతి నాటకాలలో అనేకం ఇతర రచయితలు కొత్తగా అల్లిన కథలు. కొన్నింటికి డెక్స్‌టరే బీజం అందించారు. 1987 క్రిస్మస్ రాత్రి ప్రసారమైన 'ది వోల్వర్‌కోట్ టంగ్' అటువంటిది. అదే ఇతివృత్తాన్ని విస్తరించి ఆయన 1991లో 'ది జ్యుయల్ దట్ వాజ్ అవర్స్' అనే నవలగా వ్రాశారు. నవల నుంచి నాటకం పుట్టడం లోకసహజం. ఇక్కడ నాటకం నుంచి నవల పుట్టింది.

ఆ ప్రభావం అంతటితో ఆగలేదు. మొదటి నవలల్లో లూయిస్ వేల్స్ దేశీయుడు, వయస్సులో మోర్స్‌కంటె కొంచెం పెద్దవాడు. నాటకంలో కెవిన్ వేట్లీ ధరించిన లూయిస్ యువకుడు, ఉత్తర ఇంగ్లండువాడు, భార్యాబిడ్డలతో సుఖంగా ఉన్న సంసారి. నవలలో మోర్స్ నడిపేది లాన్సియా కారు. నాటకంలో ఎర్రని పాత జాగ్వార్. ప్రజలు జాగ్వార్‌నే నమ్మారు. తరువాతి ముద్రణలలో రచయిత కూడా కారు మార్చక తప్పలేదు. మోర్స్‌గా నటించిన జాన్ థా ముఖం డెక్స్‌టర్ తరువాతి నవలల పుటలలో కూడా తొంగిచూడసాగింది. 1970లలో 'ది స్వీనీ' అనే నాటకమాలలో ఇదే నటుడు తలుపులు బద్దలు కొట్టి దొంగలను పట్టుకొనే మొరటు పోలీసుగా ప్రసిద్ధుడు. అటువంటివాడు ఇప్పుడు గ్రామఫోను ముందు కళ్ళు మూసుకొని కూర్చుంటే, ఆ నిశ్చలతకు విలువ మరింత హెచ్చింది.

కథలు మారినవి, కారు మారింది, సహాయకుని వయస్సూ ప్రాంతమూ మారినవి. మారకుండా నిలిచినది ఏమిటి? నా దృష్టిలో అది మోర్స్ స్వభావంలోని ఒకే ఒక బలహీనత. అతడు శవాన్ని చూడలేడు.

హత్యలను పరిశోధించే శాఖలో పెద్ద ఉద్యోగి నెత్తురు కనబడితే ముఖం తిప్పుకొంటాడు. శవపరీక్ష చేసే వైద్యుడు మాక్స్ అతని వాలకం చూచి నవ్వుకొంటాడు. లూయిస్ ముందుకు వెళ్ళి చూడవలసినది చూచి వస్తాడు. నవలల్లో ఇది హాస్యానికి పనికివచ్చిన లక్షణం. నాటకంలో ఇది హాస్యాన్ని దాటి పోయింది. ఎందుకంటే తెరమీద మనం మోర్స్ చూపునే అనుసరిస్తాం. అతడు దగ్గరగా వంగి చూస్తే మనమూ చూస్తాం. అతడు ముఖం తిప్పుకొంటే కెమెరా అతని ముఖం మీద నిలుస్తుంది. గాయానికి బదులు, గాయాన్ని తలచుకొని బాధపడుతున్న మనిషి మనకు కనిపిస్తాడు. చనిపోయినది ఒక మనిషి అనే సంగతి ఆ ఒక్క చూపువలన మనకు మరుపునకు రాదు.

ఇతర నాటకాలలో ఇందుకు విరుద్ధమైన పద్ధతి తరచు కనిపిస్తుంది. కెమెరా గాయం చుట్టూ తాపీగా తిరుగుతుంది. పరిశోధకుడు ఫలహారం తింటూ శవం ప్రక్కన నిలబడి ఛలోక్తులు విసరుతాడు. అది ధైర్యమని మనం అనుకోవాలని వారి ఉద్దేశం. మొదటి వారం మనకు ఒళ్ళు జలదరిస్తుంది. పదవ వారానికి అలవాటు పడతాం. ఆ అలవాటే ప్రమాదకరమైనది. 1990లలో బి.బి.సి. రేడియో కూడా కొన్ని మోర్స్ నవలలను నాటకాలుగా ప్రసారం చేసింది. రేడియోకు ఈ ప్రమాదం తక్కువ. శవాన్ని చూపే శక్తి శబ్దానికి లేదు. తలుపు తెరచిన మనిషి ఊపిరి ఆగిపోవడం మాత్రమే వినిపిస్తుంది. తెరకు ఆ శక్తి ఉండీ దానిని ఉపయోగించకుండా ఉండడం సంస్కారం.

మోర్స్‌లో రెండవ విశేషం అతడు పొరబడడం. ప్రసిద్ధ అపరాధ పరిశోధకులలో చాలామంది చివరి అంకంలో అందరినీ ఒకచోట చేర్చి, మొదటినుంచీ తమకు అంతా తెలుసునన్నట్లు ఉపన్యసిస్తారు. మోర్స్ ఒక్కొక్క కథలో రెండు మూడు సిద్ధాంతాలు కట్టి, వాటిని తన కళ్ళముందే కూలిపోనిస్తాడు. జెరికో కథలో ప్రాచీన గ్రీకు నాటకంలోని ఈడిపస్ రాజు చరిత్రతో పోలిక కుదిరించుకొని అద్భుతమైన సిద్ధాంతం ఒకటి నిర్మిస్తాడు. దానిలో పాండిత్యం ఉన్నది, శిల్పం ఉన్నది. సత్యం మాత్రం లేదు. చదువు ఎక్కువైనవాడు లోకాన్ని కూడా గ్రంథంలాగానే చదవబోతాడనీ, లూయిస్‌వంటి సామాన్యుడు అడిగి తెలుసుకొన్న చిన్న నిజం ముందు ఆ గ్రంథం నిలువదనీ ప్రేక్షకులు గ్రహిస్తారు. హతుడు సమస్య మాత్రమే అయితే అందమైన జవాబు చాలు. హతుడు మనిషి అయినప్పుడు నిజమైన జవాబే కావాలి.

ఈ భేదాన్ని అన్నిటికంటె స్పష్టంగా చూపే కథ 'ది వెంచ్ ఈజ్ డెడ్'. 1989లో వచ్చిన ఈ నవలకు బ్రిటిష్ అపరాధ రచయితల సంఘం బంగారు బాకు బహుమతిని ఇచ్చింది. నాటకం 1998లో ప్రసారమైంది. మోర్స్ కడుపులో పుండుతో ఆసుపత్రిలో పడి ఉంటాడు. చదువుకోవడానికి దొరికిన ఒక చిన్న పుస్తకంలో 1859లో ఆక్స్‌ఫర్డు కాలువ మీద పడవ ప్రయాణం చేస్తూ హతురాలైన స్త్రీ వృత్తాంతం ఉన్నది. ఆ నేరానికి పడవవాళ్ళను ఉరితీశారు. 1839లో క్రిస్టినా కాలిన్స్ అనే స్త్రీ కాలువ ప్రయాణంలో హత్యకు గురి అయిన యథార్థసంఘటన ఈ కథకు ఆధారం. మంచం దిగలేని మోర్స్, నూటముప్పై ఏండ్ల క్రిందటి సాక్ష్యాలను తిరగతోడి, ఆ తీర్పు న్యాయమైనదేనా అని ప్రశ్నిస్తాడు. శిక్షించడానికి దోషులు మిగలలేదు. విడిపించడానికి నిర్దోషులూ మిగలలేదు. ఎవరికీ ప్రయోజనం లేని ఈ శ్రమ ఎందుకు? చనిపోయినవారిపట్ల కూడా నిజం చెప్పవలసిన బాధ్యత బ్రతికినవారికి ఉన్నది కనుక. ఈ సమాధానాన్ని కథ ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు. ఆసుపత్రి మంచం మీద పుస్తకం పట్టుకొన్న రోగిని మాత్రమే చూపుతుంది.

ఈ నాటకాలలో లోపాలు లేవని చెప్పడం సత్యం కాదు. ఆక్స్‌ఫర్డు వంటి చిన్న నగరంలో ఇన్ని హత్యలు, అందులోనూ ఇంతమంది ఆచార్యుల చేతుల మీదుగా జరగడం నమ్మదగినది కాదు. పురాతన భవనాల సొగసు, బంగారువన్నె ఎండ, పచ్చిక బయళ్ళు కొన్నిసార్లు కథను పర్యాటకశాఖ ప్రకటనలాగా చేస్తవి. నుడికట్టు చిక్కుముడి నవలలో రంజించినంతగా తెరమీద రంజించదు. ఎవరు ఎవరికి ఏమి కావాలో పోల్చుకొనేలోగా దృశ్యం మారిపోతుంది. మోర్స్ లూయిస్‌ను కసరుకొనే తీరు, ప్రతిసారీ పానీయాల ఖర్చు అతని నెత్తినే వేయడం మొదట నవ్వు తెప్పించినా, తరువాత నొప్పిస్తవి. ముఖ్యంగా మద్యపానాన్ని మేధకు మెరుగులాగా చిత్రించడం చాలాకాలం సాగింది. తుది కథలో మాత్రం దేహం తన లెక్క తాను తేల్చుకొంటుంది.

ఆ తుది కథ 'ది రిమోర్స్‌ఫుల్ డే'. నవల 1999లోను, నాటకం 2000 నవంబరు 15వ తేదీనాడు వెలువడినవి. మోర్స్ గుండెజబ్బుతో కుప్పకూలి ఆసుపత్రిలో మరణిస్తాడు. లూయిస్ దగ్గర ఉండడు. తరువాత వచ్చి, శవాగారంలో తన అధికారి దేహం ముందు నిలుస్తాడు. పదమూడేళ్ళుగా మోర్స్ చూడలేనివన్నీ అతని తరఫున చూచి వచ్చినవాడు లూయిస్. ఈ చివరి దేహాన్ని కూడా అతడే చూడవలసి వచ్చింది. వంగి నుదుట ముద్దు పెట్టుకొని సెలవు తీసుకొంటాడు. ఇక్కడ విప్పవలసిన సమస్య ఏదీ లేదు. వెతకవలసిన హంతకుడు లేడు. దుఃఖం దుఃఖంగానే మిగిలింది. ముప్పైరెండు నాటకాలలో మరణాన్ని తేలికచేసి చూపి ఉంటే, ఈ దృశ్యాన్ని ప్రేక్షకులు నమ్మి ఉండేవారు కారు. జాన్ థా 2002 ఫిబ్రవరిలో అరవయ్యవ ఏట కన్నుమూశారు. ఆ తరువాత ఈ దృశ్యాన్ని చూచేవారికి నటునికీ పాత్రకూ మధ్య గీత మరింత పలుచనైంది.

తరువాత లూయిస్‌ను నాయకుడుగా చేసి 2006 నుంచి 2015 వరకు ఒక నాటకమాల, మోర్స్ యౌవనాన్ని చిత్రిస్తూ 2012 నుంచి 2023 వరకు 'ఎండెవర్' అనే మరొక మాల వచ్చినవి. ఎండెవర్ అన్నది మోర్స్ దాచుకొన్న సొంత పేరు. 1996 నవలలో గాని బయటపడలేదు. నవలలు పదమూడే అయినా, ఆ మనిషి మీద నాటకాలు ముప్పైఆరేళ్ళ పొడవున సాగినవి. నవలను అనుసరించడమంటే సంఘటనలను వరుసగా చూపడమని అనుకొనేవారు ఈ సంగతిని గమనించాలి. సంఘటనలు అయిపోయిన తరువాత కూడా, మరణాన్ని చూచే ఆ చూపు మిగిలింది. కొత్త కథలకు అదే ప్రాణం పోసింది.

హత్యాకథలు పిల్లలను చెడగొడతవని కొందరు పెద్దలు ఆందోళన పడతారు. అన్నిటినీ నిషేధించడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. ఇంటిలో ఎవరైనా ఉపయోగించదగిన పరీక్ష ఒకటి ఉన్నది. నాటకం ముగిసిన తరువాత హంతకుని పేరు అందరూ చెప్పగలరు. చనిపోయినవారి పేరేమిటి, వారికి ఏమంటే ఇష్టం, వారికోసం ఎవరు ఏడ్చారు అని పిల్లలను అడిగి చూడండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే, వారు చూచినది మంచి నాటకమే.